ఇంటి తెర: చూసినదాని గురించి చెప్పుకోవడం

ఇంట్లో చూసిన సినిమాలు, సిరీస్‌ల గురించి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. కథల మీద సందేహాలు అడిగినవాళ్లు తక్కువ. పక్కవాళ్ల అభిప్రాయం మీద కోపం వచ్చి రాసినవాళ్లే ఎక్కువ. కొత్త పాఠకులకు ఒక మాట: నేను విమర్శకురాలిని కాను. సబ్‌టైటిల్స్ రాయడం నా వృత్తి. ఒకే సీన్‌ను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ మళ్లీ చూసే పని కాబట్టి కొన్ని సంగతులు తెలుసు, కొంచెం చాదస్తమూ ఉంది.

ప్రశ్న: మేడమ్, మా స్నేహితుల గ్రూపులో ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ ఒకటి చూడమని అందరికీ చెప్పాను. అదంటే నాకు ప్రాణం. ఇద్దరు మొదటి ఎపిసోడ్ సగంలోనే ఆపేసి "స్లో" అన్నారు. ఇంకొకరు "నీ టేస్ట్ ఇదా" అంటూ నవ్వే బొమ్మ పెట్టారు. అప్పటినుంచి ఎవరికీ ఏదీ చెప్పబుద్ధి కావడం లేదు. – పి. ఎల్.

జవాబు: మనకు నచ్చినదాన్ని ఎవరైనా తీసిపారేస్తే మనల్నే తీసిపారేసినట్టు ఉంటుంది. అందులో తప్పేం లేదు. కానీ గ్రూపులో పెట్టిన మెసేజ్ కూడా మీరు నాకు పంపారు కదా, అది చూశాక మీ స్నేహితుల మీద నాకు కొంచెం జాలి కలిగింది. "మస్ట్ వాచ్, అస్సలు మిస్ అవ్వకండి, మైండ్ బ్లాక్ అయిపోతుంది" అని రాశారు. అందులో సిరీస్ గురించి ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా మీ సంబరం. అది చదివి వాళ్లు పరుగులు పెట్టించే కథ కాబోలు అనుకుని కూర్చున్నారు. తీరా వచ్చింది ముగ్గురు అక్కచెల్లెళ్లు, అమ్మ ఇల్లు అమ్మాలా వద్దా అన్న సంగతి మాట్లాడుకోలేక నలిగిపోయే కథ. మొదటి అరగంటలో ఎవరూ గొంతు కూడా పెంచరు. స్లో అనక ఏమంటారు?

తమాషా ఏమిటంటే, నాకు రాసిన ఉత్తరంలో మీరు చాలా మంచి వాక్యం రాశారు: "మూడో ఎపిసోడ్‌లో పెద్దక్క ఫోన్ పెట్టేశాక అలాగే కూర్చుండిపోతుంది, ఆ సీన్ నుంచి నేను లేవలేకపోయాను." ఇదే గ్రూపులో పెట్టి ఉంటే, ముందు నిదానంగా నడుస్తుందని కూడా చెప్పి ఉంటే, చూడాలనుకున్నవాళ్లు ఓపిక తెచ్చుకుని చూసేవాళ్లు. అలాంటివి పడనివాళ్లు మొదలే పెట్టేవాళ్లు కాదు. మీకూ ఈ టెన్షన్ తప్పేది.

ఇంకో సంగతి. పదిమందికి ఒకేసారి చెప్పకండి. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరికే అనలేదు. ఆ పదిమందిలో అక్కతోనో చెల్లితోనో మాటలు తెగిపోయినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లకు విడిగా చెప్పండి. నవ్వే బొమ్మ పెట్టినవారిని మాత్రం వదలొద్దు. ఎక్కడ ఆపేశారో, ఏ సీన్ దగ్గర విసుగొచ్చిందో అడగండి. చెప్పగలిగితే మంచి చర్చ అవుతుంది. చెప్పలేకపోతే ఆ బొమ్మకు అంత విలువ ఇవ్వనక్కర్లేదని తేలిపోతుంది.

ప్రశ్న: థియేటర్లో ఎంతో బాగున్న సినిమా, ఇంట్లో కొత్త టీవీలో పెడితే డైలీ సీరియల్‌లా కనిపించింది. మావారు "కెమెరా పని నాసిరకం" అని తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ఇంకా ఇదే గొడవ. – ఎస్. వి.

జవాబు: గొడవ మీరే గెలిచారు. తప్పు కెమెరాది కాదు, టీవీ సెట్టింగ్‌ది.

సినిమాను మామూలుగా సెకనుకు 24 ఫ్రేముల, అంటే 24 విడి బొమ్మల చొప్పున తీస్తారు. 1920ల చివర్లో, సినిమాకు మాటలు వచ్చినప్పుడు స్థిరపడిన లెక్క అది. మూకీల కాలంలో వేగం ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా నడిచిపోయేది. శబ్దం వచ్చాక అలా కుదరదు, వేగం మారితే మనిషి గొంతే మారిపోతుంది. ఇప్పటి టీవీ తెర సెకనుకు 60 సార్లో 120 సార్లో మారుతుంది. సినిమాలో ఉన్నవి 24 ఫ్రేములే కాబట్టి, ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య ఏముండొచ్చో టీవీయే లెక్కగట్టి, లేని ఫ్రేములు తయారుచేసి దూరుస్తుంది. కదలిక నున్నగా జారిపోతున్నట్టు కనిపించేది అందుకే. సెకనుకు 50 సార్లో 60 సార్లో బొమ్మ మారే వీడియోలో తీసిన సీరియళ్లు, వార్తలు చూసి మన కళ్లు ఆ నునుపుకు అలవాటుపడ్డాయి. దాంతో సినిమా కూడా సీరియల్‌లా అనిపిస్తుంది. ఆటల పోటీలకైతే ఆ సెట్టింగ్ బాగానే ఉంటుంది, బంతి చక్కగా కనిపిస్తుంది. సినిమాకు మాత్రం దెబ్బ.

ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. 2018 డిసెంబర్‌లో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి వీడియో పెట్టి మరీ, ఇంట్లో సినిమా చూసేటప్పుడు దీన్ని ఆపేయమని ప్రేక్షకులను అడిగారు. మరుసటి ఏడాది, 2019లో, టీవీల కోసం ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అనేదాని ప్రకటన వచ్చింది. అది ఉన్న టీవీలో ఆ మోడ్ ఎంచుకుంటే ఇలాంటి సర్దుబాట్లన్నీ ఆగిపోతాయి. మీ టీవీలో లేకపోతే పిక్చర్ సెట్టింగ్స్‌లో వెతకండి. పేరు కంపెనీని బట్టి మారుతుంది, చాలావాటిలో ‘మోషన్’ అనే మాట ఉంటుంది. దాన్ని ఆపి, అదే సీన్ మీవారికి మళ్లీ వేసి చూపించండి. "నేను చెప్పలేదా" అని అనాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ప్రశ్న: తెర పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయి. జూమ్ చేసి చూస్తే తప్పా? – ఆర్. కె.

జవాబు: జూమ్ చేస్తే పట్టీలు పోతాయి, వాటితోపాటు బొమ్మలో కొంత పోతుంది. వెడల్పు సినిమాలను 2.39:1 నిష్పత్తిలో తీస్తారు. టీవీ తెర 16:9, అంటే దాదాపు 1.78:1. తెర నిండా సాగదీస్తే రెండు పక్కలా కలిపి వెడల్పులో పాతిక శాతం దాకా కోతపడుతుంది. ఇద్దరు చెరో చివర నిలబడి మాట్లాడుకునే సీన్‌లో మీకు గోడ కనిపిస్తుంది. చూసుకోండి, మీ టీవీ మీ ఇష్టం. కాకపోతే అలా చూశాక "ఫ్రేమింగ్ బాగాలేదు" అనకండి.

ప్రశ్న: మాటలు వినబడటం లేదని సౌండ్ పెంచితే ఫైట్ వచ్చేసరికి ఇల్లు అదిరిపోతోంది. "ఈ సినిమాకు సౌండే పెద్ద మైనస్" అని రాశాను. మా తమ్ముడు హెడ్‌ఫోన్స్‌లో చూసి "సౌండ్ బ్రహ్మాండం" అన్నాడు. ఎవరిది కరెక్ట్? – డి. ఎన్.

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరూ సగమే చెప్పారు. హాలు కోసం శబ్దాలు కలిపే మిక్సింగ్‌లో గుసగుసకూ పేలుడుకూ మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంచుతారు. 5.1 అనే పద్ధతిలో స్పీకర్లు ముందు మూడు, వెనకో పక్కనో రెండు, బాస్ కోసం విడిగా ఇంకొకటి ఉంటాయి. మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి. మీ టీవీలో ఆ మధ్య స్పీకర్ లేదు. ఉన్న రెండు చిన్న స్పీకర్లూ చాలా టీవీల్లో కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. ఆరు దారుల్లో రావాల్సింది రెండింట్లోకి కుక్కితే మాటల మీద సంగీతం కూర్చుంటుంది.

ఆడియో మెనూలో 5.1 బదులు రెండు స్పీకర్ల కోసం చేసిన స్టీరియో ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. టీవీలో నైట్ మోడ్ లాంటిదో, డైలాగ్ పెంచేదో ఉంటే అది కూడా పెట్టి చూడండి. చాలావరకు తేడా తెలుస్తుంది. అయినా ముద్దముద్దగానే ఉంటే అప్పుడు నిస్సంకోచంగా సినిమానే అనండి. కొందరు నటులు నిజంగానే పళ్లు కదపకుండా మాట్లాడతారు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎన్నిసార్లు విన్నా నాకే అర్థంకాని వాక్యాలు వస్తాయి. అప్పుడు స్క్రిప్ట్ చూసుకుంటాం, ప్రేక్షకుడికి ఆ వీలు లేదు కదా.

అభిప్రాయం రాసేటప్పుడు "టీవీ స్పీకర్లలో చూశాను" అని రెండు ముక్కలు చేర్చండి. అప్పుడు మీ తమ్ముడితో పోట్లాడాల్సిన అవసరమే రాదు.

ప్రశ్న: ఒక సినిమాకు ఒకచోట 90 శాతం, ఇంకోచోట పదికి 6.8 ఉన్నాయి. ఏది నమ్మాలి? చాలాసార్లు 90 శాతం ఉన్నది పెట్టి బోల్తాపడ్డాను. – పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఆ రెండూ వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. శాతం ఇచ్చేది విమర్శకుల సమీక్షలు పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైట్, ఆ శాతం ‘ఎంత బాగుంది’ అని చెప్పదు. నూరుమంది విమర్శకుల్లో ఎంతమంది మొగ్గు చూపారో చెబుతుంది. తొంభైమంది "పర్వాలేదు, ఓసారి చూడొచ్చు" అన్నా 90 శాతమే, తొంభైమంది లేచి చప్పట్లు కొట్టినా 90 శాతమే. ఎవరినీ నొప్పించని నీటుగా ఉన్న సినిమాకు ఇక్కడ ఎక్కువ శాతం వస్తుంది. సగంమంది ప్రాణం పెట్టుకుని సగంమంది తిట్టిపోసే సినిమాకు 50 వస్తుంది. మీకు రెండో రకం నచ్చుతుందేమో, ఎవరు చూశారు?

పదికి ఇన్ని అని ఇచ్చే ఐఎండీబీ సైట్‌లోది మామూలు ప్రేక్షకులు ఒకటి నుంచి పది దాకా వేసిన మార్కుల నుంచి తీసిన సగటు. అదీ అన్ని ఓట్లకూ సమాన బరువిచ్చే సగటు కాదు, కుమ్మక్కై ఓట్లు గుద్దేవాళ్లను తట్టుకోవడానికి వాళ్ల లెక్క వాళ్లకుంది, ఆ లెక్క పూర్తిగా బయటపెట్టరు. మెటాక్రిటిక్ అనే ఇంకో సైట్ విమర్శకుల మార్కులనే తీసుకుంటుంది, కానీ కొందరి మాటకు ఎక్కువ బరువిస్తుంది.

నెట్‌ఫ్లిక్స్ 2017లో నక్షత్రాలు తీసేసి, నచ్చిందో లేదో చెప్పే బొటనవేలు పెట్టింది, 2022లో బాగా నచ్చిందని చెప్పడానికి రెండు బొటనవేళ్లు కూడా చేర్చింది. అక్కడ బొమ్మ పక్కన కనిపిస్తూ వచ్చిన ‘మ్యాచ్’ శాతాన్ని చాలామంది రేటింగ్ అనుకునేవాళ్లు. అది సినిమాకు మార్కు కాదు, మీరు ఇదివరకు చూసినవాటిని బట్టి ఇది మీకు నచ్చొచ్చని వేసిన అంచనా. ఇక ‘ఇంతమంది చూశారు’ అనే గొప్పలున్నాయే, వాటి సంగతి మరీ చోద్యం. 2020లో వాళ్లు రెండు నిమిషాలు చూస్తే చూసినట్టే అని లెక్కేశారు. రెండు నిమిషాల్లో టైటిల్స్ కూడా పూర్తికావు! 2021లో చూసిన గంటల లెక్కకు మారారు. 2023 నుంచి మొత్తం గంటలను నిడివితో భాగించి ‘వ్యూస్’ అంటున్నారు. గంటల లెక్కలో పది గంటల సిరీస్ ముందు గంటన్నర సినిమా ఎప్పుడూ చిన్నబోయేది, ఆ మేరకు ఇది నయం. ఏ లెక్కయినా ఎంతమంది చూశారో చెబుతుంది, వాళ్లకు నచ్చిందో లేదో చెప్పదు.

నన్నడిగితే, మీతో అభిరుచి కలవని ఒక్క స్నేహితుడు వీటన్నిటికన్నా పనికొస్తాడు. ఆయనకు ఏడుపొచ్చిన సినిమాలన్నీ మీకు విసుగు అని తెలుసనుకోండి, "భలే ఏడిపించింది" అని ఆయన అనగానే మీ నిర్ణయం మీకు దొరుకుతుంది.

ప్రశ్న: సినిమా గురించి రాయాలని కూర్చుంటే "బాగుంది", "సూపర్" తప్ప ఏమీ రావడం లేదు. – జి. ఎమ్.

జవాబు: చూసిన వెంటనే రాయకండి. పొద్దున లేచాక ఏది గుర్తుందో అక్కడినుంచి మొదలుపెట్టండి. కథ మొత్తం చెప్పొద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది. కొడుకు ఇంట్లోకి రాకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్లిపోయాడనుకోండి, అది మీ మనసులో నిలిచిందనుకోండి, అదే రాయండి. ఎందుకు నిలిచిందో తెలిస్తే రాయండి, తెలియకపోతే తెలియదనండి. "నటన అద్భుతం, సంగీతం ఓకే, ఎడిటింగ్ ఇంకాస్త బాగుండాల్సింది" అని వరుసగా మార్కులు వేసుకుంటూ పోవద్దని నా మనవి. ముఖ్యంగా ఎడిటింగ్ జోలికి. వాళ్లకు ఏ షాట్లు ఇచ్చారో, ఏవి వద్దన్నా ఉంచాల్సి వచ్చిందో మనకు కనబడదు. "రెండో సగంలో నేను ఫోన్ చూసుకున్నాను" అని రాయండి, ఎడిటర్‌కు కూడా అదే ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: క్లైమాక్స్ ఎన్నాళ్ల తర్వాత చెప్పొచ్చు? విడుదలై చాలా ఏళ్లయిన సినిమా ముగింపు చెప్పినందుకు మా మరదలు నాతో మాట్లాడటం మానేసింది. – టి. ఆర్.

జవాబు: ఇంట్లో చూసే కాలంలో విడుదల తేదీకి అర్థం లేదు. మీ మరదలికి అది నిన్న విడుదలైంది. 1960లో ‘సైకో’ విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వొద్దని దాని దర్శకుడు హిచ్‌కాక్ పట్టుబట్టాడు, ముగింపు బయట చెప్పొద్దని ప్రేక్షకులను కోరాడు. అప్పట్లో అలా తలుపు మూయడం కుదిరింది. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్లకు ఎప్పుడంటే అప్పుడు ఆట.

ముగింపు తెలిసినా పెద్ద నష్టం లేదనే వాదనా ఉంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగోలో ఇద్దరు పరిశోధకులు కొందరికి కథలు ముగింపు ముందే చెప్పి చదివించారు, కొందరికి చెప్పకుండా. ముందే తెలిసినవాళ్లకే కథలు కాస్త ఎక్కువ నచ్చాయట. అయితే అవి చిన్న కథలు. పది గంటలు కూర్చుని హంతకుడి కోసం ఎదురుచూస్తున్న మనిషి దగ్గర ఈ పరిశోధన చదివి వినిపిస్తే ఆ పది గంటలు తిరిగొస్తాయా? ముందు "ఎంతవరకు చూశావు?" అని అడగండి, తర్వాతే నోరు విప్పండి. మరదలికి క్షమాపణ చెప్పేయండి, మీరు ఇంకా ముగింపు చూడని సిరీస్ పేరు మాత్రం ఆమెకు తెలియనివ్వకండి.

ప్రశ్న: డబ్బింగ్‌లో చూసి హీరోయిన్ నటన తేలిపోయిందన్నాను. "ఒరిజినల్ చూడకుండా మాట్లాడకు" అని ఒకాయన మీదపడ్డారు. నాకు మాట్లాడే హక్కు లేదా? – కె. బి.

జవాబు: ఉంది. కాకపోతే మీరు చూసినదాంట్లో ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. డబ్బింగ్ రాసేవాళ్లకు పెదవుల బాధ ఒకటుంటుంది. తెరమీద మనిషి పెదవులు మూసినచోట ప, బ, మ లాంటి అక్షరమేదో పడాలి, వాక్యం ఆమె నోరు ఆగేసరికి ఆగాలి. అందుకోసం సహజమైన మాటను పక్కనబెట్టి, కుదిరిన మాట వేస్తారు. అందువల్ల ఆమె మాట తీరు గురించి తీర్పు చెప్పకుండా, కళ్లు, చేతులు, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆమె ఏం చేస్తోంది, వీటి గురించి మాట్లాడండి. అవి పూర్తిగా ఆమెవే.

ఆ పెద్దమనిషికి నా తరఫున ఒక మాట చెప్పండి. సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లు కూడా మొత్తం చూసినట్టు కాదు. రాసే మనిషిని కాబట్టి చెబుతున్నాను. మాకు ఉన్నది రెండు లైన్లే. ఒక సబ్‌టైటిల్ ఏడు సెకన్లకు మించి ఉంచకూడదన్నది మామూలుగా పాటించే నియమం. మనిషి మాట్లాడే వేగంలో చదవడం కుదరదు కాబట్టి కుదించేస్తాం. ఇద్దరు ఒకేసారి అరుచుకుంటుంటే ఒకరిని వదిలేస్తాం, ఎవరిని వదలాలో నిర్ణయించేది నేను. వెనకాల రేడియోలో ఏదో చెబుతుంటుంది, అది చాలాసార్లు గాలికే. పైగా చదివేవాళ్ల కళ్లు తెర అడుగున ఉంటాయి, ఆ క్షణంలో నటి కనుబొమ మాత్రం పైన కదులుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు సినిమా నడుస్తుండగానే ప్రతి సీన్‌కూ కామెంట్ చేస్తారు. "వీడే చంపాడు చూడు" అంటారు, సగంసార్లు తప్పు. ఎలా ఆపాలి? – వై.

జవాబు: సగంసార్లు కరెక్టా? ఆపకండి, కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. ఆఖర్న విప్పి చూడొచ్చు, సినిమా నడిచినంతసేపూ నిశ్శబ్దమూ దొరుకుతుంది.

ప్రశ్న: నేను 1.5 వేగంలో చూస్తాను. కొన్ని మధ్యలో వదిలేస్తాను. వాటి మీద అభిప్రాయం చెప్పొచ్చా? – ఎన్. ఎస్.

జవాబు: చెప్పొచ్చు, వేగం కూడా చెప్పాలి. 2019లో నెట్‌ఫ్లిక్స్ ఈ సదుపాయాన్ని పరీక్షిస్తున్నప్పుడు కొందరు దర్శకులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అయినా 2020లో తెచ్చింది. చూపు సరిగా లేనివాళ్లలో వినడం అలవాటైనవాళ్లకు వేగం పెంచుకోవడం, వినికిడి తక్కువగా ఉండి క్యాప్షన్లు చదువుకునేవాళ్లకు తగ్గించుకోవడం నిజంగా ఉపయోగం. అందుకని ఆ బటన్‌ను నేను తిట్టను. కానీ 1.5లో చూసినప్పుడు నవ్వు తెప్పించే విరామం, ఏడుపు ముందు వచ్చే మౌనం రెండూ కుదించుకుపోతాయి. ఆ తర్వాత "ఎమోషన్ పండలేదు" అంటే ఆ లోపంలో మీ వాటా ఎంతో తేలదు.

వదిలేసినవాటి మీద అభిప్రాయం నాకు మరీ ఇష్టం. చివరిదాకా చూసినవాళ్లు ఎలాగూ రాస్తారు, వదిలేసినవాళ్లు ఎందుకు వదిలేశారో ఎవరూ రాయరు. "నలభయ్యో నిమిషంలో ఆపేశాను, అప్పటికి నాలుగోసారి అదే సంగతి చెబుతున్నారు" అన్నది పూర్తిస్థాయి అభిప్రాయమే. "చెత్త" అని మాత్రం అనొద్దు. మిగతాది మీరు చూడలేదు కదా.

ప్రశ్న: మీరు ఈమధ్య ఏం చూశారు? మీ అభిప్రాయం? – ఎల్. ఎస్.

జవాబు: ఆరు ఎపిసోడ్ల సిరీస్ ఒకటి ఫ్రేము ఫ్రేమూ చూశాను. అభిప్రాయాలు బోలెడున్నాయి, నాలుగో ఎపిసోడ్ మీదైతే ఒక పేజీ రాయగలను. కానీ ఇంకా విడుదల కాలేదు, ఎవరికీ చెప్పనని ఒప్పందం మీద సంతకం పెట్టాను. బయటికి వచ్చాక ఇదే ప్రశ్న మళ్లీ పంపండి.